పత్తెం గిన్నెలో సన్నబియ్యం

మధుమేహం గురించి నాకు తెలిసినదాంట్లో సగం కాలేజీలో చెప్పారు. మిగతా సగం రోగుల పొట్టలూ, వాళ్ళ ఇంటి నుంచి వచ్చే క్యారియరు గిన్నెలూ చూసి నేర్చుకున్నాను. మొదటి సగం కొత్తగా కొలువుకు వచ్చే డాక్టర్లు మీరూ చదువుకునే వస్తారు, నాకంటే బాగానే చదువుకుని వస్తారు. ఈ నాలుగు పేజీలు రెండో సగం కోసం.

నేను పోలీసు చర్య అయిన కొత్తలో సర్కారు కొలువులో చేరాను. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు దాటి ఎక్కడా పనిచేయలేదు. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చినప్పుడు దవాఖాన బోర్డు మారింది గానీ, బోర్డు కింద బల్ల మీద కూర్చుని దగ్గే మనుషులు మారలేదు. నా బదిలీలూ, నా మీద వచ్చిన అర్జీలూ, నాకు రావలసి రాని ప్రమోషనూ మీకు అక్కర్లేదు. రోగుల పేర్లు మార్చాను. ఒక ఊరి పేరు మాత్రం కావాలనే రాయలేదు, నేను చెప్పబోయే ఇంటివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు.

పెయ్యి చేసినవాళ్ళు

మా వైపు ఒంటిని పెయ్యి అంటారు. మనిషి కాస్త లావెక్కితే ‘పెయ్యి చేసిండు’ అంటారు. ఆ మాటలో వెక్కిరింత లేదు, మెచ్చుకోలే ఉంది. కరువులు చూసిన ఊళ్ళు అవి. సన్నగా ఉన్నవాడంటే ఇంట్లో తిండి లేనివాడు, లేదా క్షయ పట్టినవాడు. పొట్ట ఉన్నవాడికి పిల్లనిస్తారు, పంచాయతీలో ముందు వరుసలో జాగా ఇస్తారు. అలాంటి చోట ఒక కుర్ర డాక్టరు వచ్చి ‘పొట్ట తగ్గించు’ అంటే, ‘పరువు తగ్గించుకో’ అన్నట్టే వినపడుతుంది. ఈ సంగతి తెలియక నేను మొదట్లో చాలామంది ముందు నవ్వులపాలయ్యాను.

భైంసాలో ఒక పత్తి వ్యాపారి వచ్చేవాడు. మంచి మనిషి. తెల్లని ధోతి, నుదుట గంధం, కూర్చుంటే ఒడిలో మరొకరు కూర్చున్నట్టుండే పొట్ట. దప్పిక ఆగడం లేదు, రాత్రిళ్ళు పదేపదే లేవాల్సి వస్తోంది, కళ్ళ ముందు పొగ కమ్మినట్టు ఉంటోంది అన్నాడు. మూత్రం పరీక్ష చేసి ఇది చక్కెర బీమారి అని చెప్పాను. ఆయన నమ్మలేదు.

“డాక్టర్ సాబ్, నేను దారు తాగ, గోష్ ముట్ట. ఏకాదశికి ఉపాసముంట. పొట్ట నిండ తింట, బస్. నాకెట్ల వస్తది బీమారి?” అన్నాడు.

మాంసం, మద్యం లేని తిండి పాపం లేని తిండి అని ఆయన లెక్క. నేతిలో మునిగిన పోళీలు, అన్నం, ఆలుగడ్డ, మధ్యలో పేడాలు, వీటిలో పాపమేమీ లేదు మరి. పొద్దున గద్దె మీద కూర్చుంటే సాయంత్రం లేచేవాడు. దుకాణానికీ ఇంటికీ మధ్య రెండు గల్లీలు. ఆ రెండు గల్లీలు కూడా దమ్ని, అంటే చిన్న ఎడ్లబండి, కట్టించుకుని వెళ్ళేవాడు, నడిచిపోతే చూసినవాళ్ళు వ్యాపారం దెబ్బతిన్నదనుకుంటారని. నేను నడవమన్నాను. ఆయన నా భుజం తట్టి పేడాల పెట్టె ఇచ్చి వెళ్ళాడు. కొన్నేళ్ళకు చూపు పోయింది. అప్పుడు కూడా బండిలోనే తిరిగాడు.

అదే రోజుల్లో మలేరియా పని మీద జైనూరు కొండల్లోకి వెళ్ళేవాణ్ణి. అక్కడి గోండు గూడేల్లో ఎవరి మూత్రం పరీక్ష మందులో వేసి కాచి చూసినా మందు నీలం రంగు నీలంగానే ఉండేది. చక్కెర ఉంటే అది ఇటుక రంగుకు తిరుగుతుంది. వాళ్ళ రక్తంలోనే ఈ రోగం లేదు కాబోలు అనుకున్నాను. తర్వాత మంచిర్యాలలో ఒక కలప కంట్రాక్టరు దగ్గర వంట చేసే మనిషి మానని పుండుతో వచ్చాడు. అతను నేను చూసిన గూడెం వాడే. అతని అన్నను నేను కొండమీద చూశాను, ఎండిన చింతబరికెలా ఉంటాడు. తమ్ముడు మాత్రం కంట్రాక్టరు వంటింట్లో ఏళ్ళ తరబడి అన్నం, పూరీలు తిని, పొయ్యి దగ్గర నుంచి కదలకుండా, గుండ్రంగా తయారయ్యాడు. అతని మూత్రం కాచగానే ఇటుక రంగుకు తిరిగింది. ఒకే తల్లి బిడ్డలు. ఒక్క ఇంటిని చూసి సిద్ధాంతం చెప్పకూడదు, నేనూ చెప్పలేదు. కుటుంబంలో రోగముంటే పిల్లలకు వచ్చే మాట కూడా నిజమే. కానీ రక్తం ఒక్కటే కారణమన్న మాట ఆ రోజు నుంచి నా నోట రాలేదు.

కాలేజీలో మాకు క్లోమం గురించి చెప్పారు. పొట్ట గురించి చెప్పలేదు. ఇప్పుడు మీ పుస్తకాల్లో ఉంది: నడుం చుట్టూ, కాలేయం లోపలా కొవ్వు పేరుకున్నవాడి ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది, దాని మాటే చెల్లదు. క్లోమం ఇంకా ఇంకా తయారుచేసి, చివరికి అలసిపోతుంది. మీరు దీన్ని టైప్ టూ అంటున్నారు. చిన్నపిల్లలకు ఉన్నట్టుండి వచ్చి, మనిషిని ఎండగట్టేసే రకం వేరు, దానికి పొట్టతో పనిలేదు. ఈ రెంటినీ కలిపి ఒకే మాటతో పిలవడం వల్ల జనం ఎంత తికమకపడ్డారో చెప్పలేను.

సర్జన్ సాబ్

నా పై అధికారుల్లో చెప్పుకోదగ్గవాడు ఒక్కడే. హైదరాబాదు మనిషి, జిల్లాలో పెద్ద సర్జన్. షేర్వానీ విడిచినా ఆ నడక విడవలేదు. తెలుగు మా పల్లెల్లోనే నేర్చుకున్నాడు కనుక రోగులతో వాళ్ళ మాటలోనే మాట్లాడేవాడు. కోపిష్టి. కంపౌండర్ల మీద ట్రేలు విసిరేవాడు. దాన్ని మెచ్చుకోను. కానీ ఒక ప్రశ్న అడగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

కొత్తలో ఆయన ముందు ఒక రోగిని “ఏం తింటావు?” అని అడిగాను. ఆ మనిషి “ఏముంది సారూ, ఇంత ఏదో” అన్నాడు. సర్జన్ సాబ్ నన్ను పక్కకు పిలిచాడు.

“డాక్టర్ సాబ్, ఏం తింటవ్ అని అడిగితే ప్రతోడు గరీబే అయితడు. ఇయ్యాల పొద్దుగాల ఏం తిన్నవ్ అని అడుగు. ఎంత తిన్నవ్ అడుగు. ఎవరు పెట్టిన్రు అడుగు.”

మీరు నా మాటల్లో ఒక్కటే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి. ఇది నా మాట కాదు, ఆయనది.

రాజేశం కాలు

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో నన్ను కరీంనగర్ జిల్లాలో మానేరు వైపు ఒక నేతగాళ్ళ ఊరికి వేశారు. చిన్న దవాఖాన, వరండాలో కొన్ని మంచాలు. ఆ ఊళ్ళో రాజేశం నూలు వ్యాపారి. తండ్రి గుంతమగ్గం నేసినవాడు, తానూ పడుచుతనమంతా ఆ గుంతలోనే కూర్చుని కాళ్ళతో తొక్కుతూ నేసినవాడు. పొద్దున జొన్నరవ్వతో కాచిన గట్క, మధ్యాహ్నం జొన్నరొట్టె, రాత్రి మళ్ళీ గట్క. పండగకు మాత్రం వరి అన్నం. తర్వాత నూలు దుకాణం పెట్టాడు, అది కలిసొచ్చింది. మగ్గం అమ్మేశాడు. ఆ ఊళ్ళో ఇల్లు బాగుపడిందనడానికి మొదటి గుర్తు ఆ ఇంట్లో గట్క వండటం మానేయడం. రాజేశం ఇంట్లో మానేశారు. మూడు పూటలా సన్నబియ్యం వండారు. పరుపు మీద కూర్చుని నూలు తూచే మనిషికి పదేళ్ళు తిరక్కుండానే పెయ్యి చేసింది. ఊరంతా మెచ్చుకున్నారు.

ఆయన కొత్త చెప్పులు కొన్నాడు. అందులో ఒక మేకు అట్ట చీల్చుకుని పైకి వచ్చింది. ఆ మేకు మీదే అంగడంతా తిరిగి ఇంటికి వచ్చాడు. భార్య లస్మవ్వ గచ్చు మీద రక్తపు అడుగులు చూసి కేక వేసేదాకా ఆయనకు తెలియదు. నా దగ్గరికి వచ్చినప్పుడు చిటికెన వేలు పక్కన లోతైన పుండు ఉంది.

“నొప్పి లేదు సారూ. నొప్పి లేనిదానికి ఫికరెందుకు? గామె ఊకుంటలేదని వచ్చిన” అన్నాడు రాజేశం.

ఆ మాటకే నాకు భయం వేసింది. నొప్పి లేకపోవడమే అసలు రోగం. చక్కెర ఏళ్ళ తరబడి నరాలను తినేస్తే కాలికి మేకు కూడా తెలియదు. మూత్రం కాచాను, ఇటుక రంగు వచ్చింది. రోజూ పొద్దున దవాఖానకు వచ్చి ఇన్సులిన్ సూది వేయించుకోమన్నాను, పెన్సిలిన్ మొదలుపెట్టాను, పుండు కడిగి కట్టు కట్టాం. మందుల చీటీ మీద ఆ రోజుల్లో అందరం రాసే మాటలే రాశాను: చక్కెర బంద్, పథ్యం చేయాలి.

పుండు తగ్గలేదు. వేలు నల్లబడింది. ఎర్రదనం పాదం మీదికి పాకింది. సూది మోతాదు పెంచాను, మూత్రం ఇటుక రంగు వదల్లేదు. మంచంలో చేర్చుకున్నాను. ఇంకా పెంచాను. నేను పెంచినకొద్దీ దాన్ని ఏదో మింగేస్తున్నట్టు ఉండేది. పుస్తకాలు తిరగేశాను, మందు చెడిపోయిందేమోనని కొత్త సీసా తెప్పించాను.

అప్పుడు సర్జన్ సాబ్ తనిఖీకి జీపులో వచ్చాడు. కట్టు విప్పించి చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, ఎర్రదనం ఎక్కడిదాకా ఉందో అక్కడ సిరాతో గీత గీశాడు. అది చీలమండకు కొంచెం కిందుగా ఉంది.

“ఎరుపు గీత దాటి పైకొచ్చిందంటే మోకాలి కింద తీసెయ్యాలె. నా దగ్గరికి తోలు. ఆలస్యం చేసినవో, కాలు కాదు, మనిషే పోతడు.”

లస్మవ్వ తలుపు దగ్గర నిలబడి విన్నది. కొంగు నోట్లో కుక్కుకుంది. రాజేశం పైకప్పు వైపు చూస్తున్నాడు. తొక్కి తొక్కి కండలు తిరిగిన కాళ్ళు ఒకప్పుడు అవి.

పత్తెం

సర్జన్ సాబ్ బయటికి పోబోతూ ఆగాడు. “ఇయ్యాల పొద్దుగాల ఏం తిన్నడు?”

“పథ్యంలో ఉన్నాడు సార్” అన్నాను.

“పత్తెం అంటే?”

“రోగికి పెట్టే తిండి.”

“అదే. ఏంది ఆ తిండి?”

నేను లస్మవ్వ వైపు చూశాను. లస్మవ్వ ముందుకు వచ్చి, మంచం కింది క్యారియరు తీసి గిన్నెలు విడదీసింది. ఆమె ముఖంలో భయం ఉంది, దాని వెనక కాస్త గర్వం కూడా ఉంది. మొదటి గిన్నెలో మెత్తగా వండిన పాత సన్నబియ్యం అన్నం, మధ్యలో గుంట చేసి పోసిన నెయ్యి. రెండో దాంట్లో పాలు, అందులో నానిన బ్రెడ్డు. మూడో దాంట్లో సగ్గుబియ్యం జావ. గోడవార గ్లూకోజు డబ్బా, మూత తీసి ఉంది.

“శక్కెర పిసరంత గూడ లేదు సారూ. ఇంట్ల డబ్బాకు తాళమేసిన. ఎప్పుడన్న జేసే జొన్నరొట్టె గట్టిగుంటది, అరగదని అది గూడ బంద్ జేసిన. కూరల కారం లేదు. మూడు పూటలు పాత బియ్యమే పెడుతున్న. పాణం నీరసమైతదని మా ఆడబిడ్డ గీ డబ్బా తెచ్చింది, మీరు దవాఖానల ఎక్కిచ్చేదే గద అని. పత్తెం ఒక్క పూట గూడ తప్పలే.”

తప్పలేదు. అదే వచ్చిన చిక్కు. మా ఊళ్ళలో జొన్న రోజూ తినేది, వరి అన్నం పండగలకీ జబ్బులకీ తినేది. జ్వరమొస్తే, విరేచనాలైతే, బాలింతైతే, పథ్యమంటే మెత్తటి తెల్లన్నం, పాలు, బ్రెడ్డు, జావ. తరతరాలుగా అదే అర్థం. నేను పథ్యం చేయమన్నాను, ఆమె చేసింది. ఎంత బాగా చేసిందంటే, ఆ రోగం రాకముందు తినే తిండి కంటే రోగమొచ్చాక తినే తిండే ఎక్కువ చక్కెరగా మారేది. పైగా పథ్యంలో ఉన్నవాడు కదలకూడదు కనుక మంచం దిగనివ్వలేదు. చక్కెర బీమారి అంటే డబ్బాలో ఉన్న చక్కెర వల్ల వచ్చేది అనుకుంది. ఆ పేరు పెట్టిందీ మేమే. ఇందులో తప్పు ఎవరిదని నన్నడిగితే మాటది అంటాను.

సర్జన్ సాబ్ ట్రే విసరలేదు. గ్లూకోజు డబ్బాకు మూత పెట్టాడు.

“డాక్టర్ సాబ్, నువ్వు సూది పొడుస్తున్నవ్, ఈమె గిన్నె నింపుతున్నది. ఇద్దరిదీ ఒక్కటే ఆశ. జర కూసోని మాట్లాడుకోండ్రి” అని జీపెక్కాడు.

కూర్చుని మాట్లాడుకున్నాం. ఒక జొన్నరొట్టె, ఆకుకూర, పెసరపప్పు, పలచని మజ్జిగ. పొద్దున చిన్న గిన్నెడు గట్క. పాలు, బ్రెడ్డు, జావ, గ్లూకోజు, అన్నం ఏవీ వద్దు. నేను చెబుతుంటే ఆమె ముఖం మాడిపోయింది.

“గట్కనా సారూ? సుస్తిల పడ్డోనికి గట్కనా? నలుగురు సూస్తే ఏమంటరు? మొగడు మంచాన వడంగనే సన్నబియ్యం దాసిపెట్టి, గట్క పెడుతున్నదని నా మొకం మీద ఉమ్మరా?”

మాటలతో అయ్యే పని కాదని తెలిసింది. ఆమెను లోపలికి పిలిచి స్పిరిట్ దీపం వెలిగించాను. నీలి మందులో నాలుగు చుక్కల మూత్రం వేసి ఆమె కళ్ళ ముందే కాచాను. నీలం పచ్చబడి, పసుపై, నారింజై, ఇటుక ముద్దలా అడుగుకు దిగింది. నూలుకు రంగులద్దే ఇంట పుట్టిన మనిషి, కళ్ళార్పకుండా చూసింది. “రొట్టెకు మారితే ఇది మారుతుంది. నువ్వే వచ్చి చూసుకో. మారకపోతే నా మాట వినకు” అన్నాను. అది కొంచెం పందెం కట్టడమే. నాకూ పూర్తి నమ్మకం లేదు. మర్నాటి నుంచి ఆమె క్యారియరులో గట్క, రొట్టె తెచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈమధ్య జొన్న తింటే చక్కెర పోతుందని చెప్పే మనుషులు తయారయ్యారు. జొన్నలో మందేమీ లేదు. జొన్నా పిండిపదార్థమే. పది రొట్టెలు తింటే పది రొట్టెల చక్కెరా అవుతుంది. కాకపోతే గట్టి రొట్టె ఒకటి నమిలేసరికి దవడ అలసిపోతుంది, నెయ్యి పోసిన సన్నన్నం గిన్నెలకు గిన్నెలు జారిపోతుంది. ఆ మనిషి తినేది తగ్గింది, అది మెల్లగా అరిగింది, అంతే. సూదీ పెన్సిలినూ లేకుండా తిండి ఒక్కటే ఆ కాలును నిలబెట్టేదని కూడా నేననను.

ఆడబిడ్డ

రాజేశానికి తల్లి చిన్నప్పుడే పోయింది. అక్క మల్లవ్వ పెంచింది. పక్క ఊళ్ళో ఉంటుంది, గొంతు పెద్దది, తమ్ముడంటే ప్రాణం. ఆమె కొన్నాళ్ళకు ఒక పొద్దున బత్తాయిల సంచితో వచ్చేసరికి లస్మవ్వ మొగుడి ముందు గట్క గిన్నె పెట్టి ఉంది. రాజేశం గోడ వైపు తిరిగి ఉన్నాడు. ఆయనకూ ఇష్టం లేదు. ముందురోజే నాతో అన్నాడు: “మగ్గం గుంతల నుంచి ఎల్లొచ్చి గట్క బంద్ జేసిన సారూ. మల్ల అండ్లకే తోలుతున్నరా?”

మల్లవ్వ సంచి కింద పడేసింది.

“గిదేందే లస్మీ? ఏం పెడుతున్నవే నా తమ్మునికి? ఇంట్ల బియ్యం బస్తాలు లేవా? మా అవ్వ పోయినంక నా నోటి కాడిది తీసి పెట్టి సాదిన గీన్ని. గంజిగట్క పోసి సంపుతవా? అయ్యో, సూడుండ్రి, పెయ్యంత ఎట్ల గుంజుకపోయిందో!”

పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. ఎవరో “నిజమే” అన్నారు. మల్లవ్వ బండి బయటే ఉంది, తమ్ముణ్ణి ఇప్పుడే తీసుకుపోతానంది. తీసుకుపోతే ఆ కాలు పోతుందని నాకు తెలుసు, మనిషి కూడా పోవచ్చు. లేచాను. లేచి చెబుదామనుకున్నదంతా ఇంగ్లీషులో చదువుకున్నదే. లస్మవ్వ నాకంటే ముందు కదిలింది. మంచానికి అడ్డంగా నిలబడింది, మొగుడి కాలి మీది దుప్పటి తీసింది.

“వదినె, గీ సిరగీత సూడు. పెద్ద డాక్టరు గీసిండు. ఎరుపు గీత దాటితే కాలు కోస్తమన్నడు. నువ్వు తెచ్చిన డబ్బ కలిపి తాగిచ్చినన్నాళ్ళు పైకే ఎక్కింది. ఇప్పుడు సూడు, ఏడున్నది? ఏలెడు కిందికి దిగింది. గట్క పెట్టవట్టి దిగింది. నన్ను తిట్టు, మంచిదే. ఊరంత తిట్టనియ్యి. కాలున్న తమ్మున్ని తీస్కపోతవా, కాలు లేని తమ్మున్ని తీస్కపోతవా, నువ్వే చెప్పు.”

మల్లవ్వ వంగి చూసింది. వేలు పెట్టి గీతకూ ఎరుపుకూ మధ్య జాగా తడిమింది. ఆమె గొంతు తగ్గింది.

“శుక్కురారం దాక సూస్త. గప్పటికి తగ్గకుంటె నీ మాట, నీ డాక్టర్ మాట ఎవ్వల మాట ఇన” అంది. బత్తాయిలు పక్క మంచాలవాళ్ళకు పంచేసి, వరండాలోనే చాప పరుచుకుంది. బండిని వెనక్కి పంపింది.

నాకు ఆ పూట లస్మవ్వ మీద గౌరవం పుట్టింది, నా మీద నాకు కాస్త నవ్వూ వచ్చింది. వైద్యం ఆ మంచం దగ్గర జరిగింది, నేను పక్కన ఉన్నాను. కొత్తగా వచ్చే డాక్టర్లు రోగికి చెబుతారు. మా ప్రాంతంలో తిండి రోగి చేతిలో ఉండదు. వండే మనిషి చేతిలో ఉంటుంది, ఆ మనిషి చెయ్యి నలుగురి నోట్లకు భయపడుతూ ఉంటుంది. చెప్పాల్సింది వాళ్ళందరికీ.

రాజేశం గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. గిన్నె తీసుకుని తాగాడు.

గాజు గొట్టంలో రంగు ఇటుక నుంచి పసుపుకు, కొన్నాళ్ళకు ఆకుపచ్చకు వచ్చింది. లస్మవ్వ రోజూ వచ్చి చూసేది, మల్లవ్వను కూడా లాక్కొచ్చి చూపించేది. చచ్చిన రెండు వేళ్ళు తీసేశాను. మిగిలిన పాదం నిలిచింది.

సన్నబడ్డాక

ఇంటికి పంపేటప్పుడు ఇంకో సంగతి చెప్పాను. పుండు పూర్తిగా మానాక, మెత్తటి చెప్పులు కుట్టించుకుని, పరుపు మీద కూర్చోవడం తగ్గించి, నూలు కట్టలు తానే మోసుకెళ్ళి మగ్గాల దగ్గర ఇచ్చి రమ్మన్నాను. రోజూ పాదాలు చూసుకోమన్నాను. ఆయన వింటాడని నేననుకోలేదు. విన్నాడు. కాలు పోతుందన్న భయం చేసిన పని అది, నా మాట కాదు. పొట్ట కరిగింది. చొక్కాలు వదులయ్యాయి. సూది మోతాదు తగ్గించాను, చివరికి మానేశాను, మూత్రం కాచి చూస్తే మందు నీలంగానే ఉంది. ఇలా అందరికీ జరగదు. చాలామందికి సూది జీవితాంతం ఉంటుంది. జరిగినప్పుడు మాత్రం పుస్తకంలో చదివినదానికంటే బాగుంటుంది.

ఊరు మాత్రం ఊరుకోలేదు. పెయ్యి గుంజుకుపోయిన మనిషి అంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. రాజేశానికి క్షయ అన్నారు. దవాఖానలో అన్నాళ్ళు ఉన్నది అందుకే అన్నారు. ఆయన దుకాణంలో మంచినీళ్ళు తాగడం మానేశారు. నడిచి నూలు మోసుకు తిరగడం చూసి, పాపం చితికిపోయాడన్నారు. లస్మవ్వ ఒకసారి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది:

“సారూ, జరంత పెయ్యి వచ్చేటట్టు ఏమన్న మందియ్యరాదు? ఎక్వ వద్దు. మొకం నిండేటంత. ఈయన నడుసుకుంట పోతుంటె పిల్లల్ని ఇండ్లల్లకు గుంజుకుంటున్నరు. నాతోని సూసుడు అయితలేదు.”

లేదన్నాను. ఆమె ఏడ్చింది. నేను ఇచ్చిన ఆరోగ్యానికి ఆ ఇల్లు చెల్లిస్తున్న పరువు అది. నేను వెళ్ళి ఇంటింటికీ చెప్పలేను, చెప్పినా వినరు.

ఆ ఎండాకాలం వాళ్ళ కులంలో ఒక పెళ్ళి అయింది. నన్నూ పిలిచారు. పందిట్లో మోదుగు విస్తళ్ళు వేసి బంతి సాగుతోంది. రాజేశం నూలు మోసే సంచి భుజాన వేసుకునే వచ్చాడు, వెనక లస్మవ్వ, మల్లవ్వ. ఆయన కూర్చున్న చోట అటు ఒక విస్తరి, ఇటు ఒక విస్తరి ఖాళీగా మిగిలిపోయాయి. అందరూ చూశారు, ఎవరూ చూడనట్టు ఉన్నారు. అన్నం వడ్డించేవాడు వచ్చాడు. రాజేశం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. లస్మవ్వ వంగి, కొంగులోంచి గుడ్డ మూట తీసి, జొన్నరొట్టె ఒకటి విస్తట్లో పెట్టింది. పెళ్ళి బంతిలో జొన్నరొట్టె!

ఎదురు వరుసలో కులపెద్ద ఉన్నాడు. నిండు పొట్ట, తెల్ల తలపాగా. అందరూ అడగాలనుకున్నది ఆయన అడిగాడు.

“ఏం రాజేశం, గింత సన్నగైతివి? పెయ్యంత ఏమైంది? దగ్గు గిట్ల వస్తుందా? దాసిపెట్టుడు మంచిది కాదు.”

బంతిలో కాళ్ళు చాపడం తప్పు. రాజేశం మఠం విప్పి, మూడు వేళ్ళ కుడికాలు విస్తరి పక్క నుంచి అందరికీ కనపడేలా చాపాడు.

“సన్నగైన కాకా. గని ఇగో, గీ కాలుతోనే నడిసొచ్చిన” అన్నాడు.

కాలు మళ్ళీ మడుచుకుని, రొట్టె తుంచుకున్నాడు.